ఈదడం వేరు, ఊగడం వేరు

ఇంట్లో లేని వస్తువు

రిటైరైన రెండో వారంలో గానీ నాకు తెలిసిరాలేదు, మా ఇంట్లో మైక్రోస్కోప్ లేదని. పూలకుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయబోతూ, పచ్చగా భలే ఉన్నాయే, ఒక చుక్క చూద్దామని లేచాను. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. ఎక్కడికి పోతున్నట్టు? కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు మైక్రోబయాలజీ చెప్పాను. కాళ్ళు ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నామనుకున్నాయి. ఆ నీళ్ళ పళ్ళెం చేతిలో పట్టుకుని వరండాలో నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని అడిగారు. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి రాయను. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవి రెండే. ఒకటి, నీటి చుక్కలో ఈదే బాక్టీరియా. రెండోది, దాన్ని నాకంటే బాగా చూడగలిగిన మనిషికి నేను చేసిన అన్యాయం. ఆ మనిషి పోశెట్టి, మా ల్యాబ్ అటెండర్. ఈ రాత ఆయన గురించే. నడుమ నడుమ సైన్సు వస్తుంది, జర ఓపిక పట్టండి.

బాపు అడిగిన ప్రశ్న

నేను పుట్టి పెరిగింది మందమర్రిలో. బాపు బొగ్గుబాయిలో హాలేజీ ఇంజన్ నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను గని లోపలి నుంచి ఇనుప తాడుతో గుంజే ఇంజన్ అది. నడిపేవాడికి టబ్బులు కనబడవు. కింది నుంచి గంటలు వినబడతాయి. ఆ గంటల లెక్కను బట్టి గుంజాలి, వదలాలి, ఆపాలి. ఒక చెయ్యి ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా బాపు ఎడమచెయ్యి పీట అంచును పట్టుకునే ఉండేది.

ఎమ్మెస్సీలో ఉండగా సెలవులకు ఇంటికి పోయి, "బాపూ, బాక్టీరియాకు మోటారుంటది" అని చెప్పాను. అవ్వ నవ్వింది. బాపు నవ్వలేదు. మోటారు అంటే ఆయనకు నవ్వులాట కాదు. "బొమ్మ ఉన్నదా?" అన్నాడు.

పుస్తకం తెరిచి చూపించాను. పొడుగాటి తోక, తోక మొదట్లో కొక్కెం, కొక్కేనికి ఇరుసు, ఇరుసుకు ఉంగరాలు, ఉంగరాన్ని పక్క నుంచి నెట్టి తిప్పే పుర్జాలు. తోక వదిలేస్తే, మోటారు మొత్తం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. సెకనుకు వందల చుట్లు తిరుగుతుంది. అటూ తిరుగుతుంది, ఇటూ తిరుగుతుంది.

"కరెంటు ఏడికెల్లి వస్తది బిడ్డా?"

"కరెంటు లేదు బాపూ. బయట ప్రోటాన్లు ఎక్కువుంటయి, లోపల తక్కువ. గా పుర్జాల సందులకెల్లి లోపలికి దుంకుతయి. దుంకేటప్పుడు పుర్జాను నెడతయి. ఉప్పునీళ్ళల్ల బతికే కొన్నిటికి ప్రోటాన్లకు బదులు సోడియంతోని తిరుగుతది."

"అంటే నీళ్ళు దుంకితే తిరిగే చక్రం లెక్క."

"ఆఁ, గట్లనే."

బాపు చాలాసేపు బొమ్మను చూశాడు. "మరి గిన్ని పుర్జాలు ఎవరు బిగించిండ్రు?"

ఎవరూ బిగించలేదన్నాను. పరిణామం అన్నాను, కోట్ల ఏళ్ళన్నాను. ఆయనకు ఎక్కలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టాడు.

"మా ఇంజన్ సంగతి చెప్త ఇను. డ్రమ్ము మూతపడ్డ గనికెల్లి తెచ్చిండ్రు. గేరు పెట్టె ఇంకో ఇంజన్‌ది. బ్రేకు వర్క్‌షాపుల పడున్న ఇనుముతోని చేసిండ్రు. ఇయ్యాల ఎవడన్న కొత్తోడు చూస్తే, అబ్బ, గీ పని కోసమే పుట్టిందిరా అంటడు. నీ బాక్టీరియాది గూడ గట్లనేనా?"

నాకు ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే మంచి పోలిక దొరకలేదు. ఆ మోటారు అడుగుభాగానికి, కొన్ని బాక్టీరియాలు వేరే కణంలోకి విషం గుచ్చే సూదికి చుట్టరికం ఉంది. తిప్పే పుర్జాలకు, కణం పొరలో వేరే పనులు చేసే ప్రొటీన్లతో పోలిక ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్క ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలిందని చెప్పేవాళ్ళను నమ్మకండి.

"గట్లనే బాపూ. కాకపోతే మీ వర్క్‌షాపుల మేస్త్రీ ఉంటడు. ఈడ మేస్త్రీ గూడ లేడు. ఒకటి రెండైనప్పుడల్ల నకలు తీసుడుల తప్పులు పడతయి. పనికొచ్చిన తప్పు నిలుస్తది. పనికిరానిది పోతది."

"తప్పుతోని ఇంజన్ బాగైతదా? నేను నమ్మ. చూపియ్యి."

"చూపిస్త" అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో నోరు ఊరికే ఉండదు.

పోశెట్టి కన్ను

ఉద్యోగంలో చేరిన మొదటి వారం. గడ్డి నానబెట్టిన నీళ్ళ చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, పిల్లలందరినీ పిలిచి, "చూడండి, బాక్టీరియా ఎంత హుషారుగా ఈదుతుందో" అన్నాను. వెనకాల గాజు గొట్టాలు కడుగుతున్న మనిషి దగ్గరికొచ్చి, కన్ను పెట్టి చూసి, నాకొక్కదానికే వినబడేటట్టు అన్నాడు.

"మేడం, గవి ఈదుతలేవు. ఊగుతున్నయ్."

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. "నీ పని నువ్వు చూసుకో పోశెట్టీ" అన్నాను. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆ రోజుల్లో అటెండర్లను లెక్చరర్లందరూ పేరు పెట్టి 'నువ్వు' అనే పిలిచేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను, తప్పని తోచలేదు.

అందరూ పోయాక మళ్ళీ చూశాను. ఆయన చెప్పిందే నిజం. నీటి అణువుల తాకిడికి దుమ్ము రేణువు కూడా ఊగుతుంది, చచ్చిన బాక్టీరియా కూడా ఊగుతుంది. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, కళ్ళ ముందుకొస్తే గుర్తుపట్టలేకపోయాను. మర్నాడు పోయి అడిగాను, ఎట్లా పోల్చుకున్నావని.

"ఊగేది ఉన్నకాడనే ఊగుతది మేడం. ఈదేదానికి ఓ దిక్కుంటది. జర్రంత దూరం సీదా పోతది, ఆగుతది, గిరికీ కొడతది, ఇంకో దిక్కు పడుతది. మీరు మూడొద్దులు నానిన నీళ్ళు తీసుకోవాలె. ఒక్క దినం నానిన నీళ్ళల్ల ఏముంటది?"

ఏడో తరగతి దాకా చదివిన, బోథ్ ఊరి మనిషి. ఆ ఆగడం, గిరికీ కొట్టడం మోటారు దిక్కు మార్చి తిరిగినప్పుడు జరుగుతాయని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, కానీ నేను చూడలేదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అయ్యాం. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే: కదిలేదంతా ఈదేది కాదు, దానికి దిక్కుందా అని చూడండి. స్టాఫ్ మీటింగుల్లో కూడా పనికొస్తుంది.

సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక పోశెట్టి ఒక చుక్క పెట్టుకుని చూసేవాడు. కిటికీ పక్కన ఒక గ్లాసులో వరిగడ్డి ఎప్పుడూ నానుతూ ఉండేది. నేనూ నా వంతు కోసం పక్కన నిలబడేదాన్ని. పైనున్న లెక్చరర్‌ని కదా, లేస్తాడేమో అనుకునేదాన్ని. లేచేవాడు కాదు. "ఆగుండ్రి మేడం, ఒకటి మలుగుతుంది" అనేవాడు. ఆ ఒకటి మలుపు తిరగడం ఎంతకూ అయ్యేది కాదు. ఇప్పుడు కలలోకి వచ్చేది ఆ సాయంత్రాలే. ఇన్ని పాఠాలు చెప్పాను, ఒక్క పాఠమూ కలలోకి రాదు.

ల్యాబ్‌లో నాకు రెండు పట్టింపులు ఉండేవి. బాక్టీరియా పెంచే ప్లేట్లను తలకిందులుగా పెట్టాలి. లేకపోతే మూతకు పట్టిన ఆవిరి చుక్కలై కింద పడి అంతా కలగాపులగం అవుతుంది. ఇది అందరూ చేసేదే. రెండోది నా సొంత పైత్యం. బోర్లించే ముందు మూతలో ఒక గుండ్రటి ఫిల్టర్ కాగితం పెట్టేదాన్ని, తడి పీల్చుకోవాలని. నేను తప్ప ఆ ల్యాబ్‌లో ఇంకెవరూ పెట్టేవాళ్ళు కాదు.

"గీ కాగితాలు దండుగ మేడం" అని పోశెట్టి గొణిగేవాడు. "ఇంట్ల చాయ్ కప్పులకు గూడ కాగితం పెట్టి బోర్లేస్తరా ఏంది?"

తిరగని మోటారు

హైదరాబాద్‌లో నాతో చదివిన స్నేహితురాలు ఒకసారి చిన్న ట్యూబులో ఒక బాక్టీరియాను ఇచ్చింది. దానికి తోక ఉంది, కొక్కెం ఉంది, ఇరుసు ఉంది. తిప్పే పుర్జా ఒక్కటే చెడిపోయింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఎన్ని తరాలు పెరిగినా కదలదు.

ట్యూబు చూడగానే బాపుకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చేయవలసింది తేలికే. మామూలుగా బాక్టీరియా మేత కలిపి ప్లేట్లో పోసే అగర్ అనే జిగురు గట్టిగా పేరుకుంటుంది. దాన్ని బాగా పలచగా కలిపితే చల్లారిన గంజిలా ఉంటుంది, అందులో బాక్టీరియా ఈదగలదు. నడిమిట్ల ఈ కుంటి బాక్టీరియాను ఒక చుక్క పెట్టాలి. ఉన్నచోట తిండి అయిపోతుంది. చుట్టూ బోలెడంత తిండి ఉంటుంది గానీ పోలేవు. అక్కడే కోట్ల పిల్లలు పుడతాయి. వాటిలో ఏ ఒక్కదాని నకలులోనైనా ఒక తప్పు పడి, ఆ తప్పు పాత తప్పును సరిచేస్తే, దాని మోటారు తిరుగుతుంది. అది బయటికి ఈదుతుంది, దాని పిల్లలు వెంట వస్తాయి. చుక్క నుంచి ఒక మబ్బు బయటికి పాకినట్టు కంటికే కనబడుతుంది. పరిణామాన్ని ఒక గాజు పళ్ళెంలో చూడొచ్చు.

ఒక్కటే జాగ్రత్త. గంజిలాంటి అగర్ కాబట్టి ఈ ప్లేటును బోర్లించకూడదు. బోర్లిస్తే మొత్తం జారి మూతలో పడుతుంది.

మా హెడ్డు సారుకు రికార్డు పుస్తకాల్లో ఎర్రసిరా సంతకాలు నిండితే సైన్సు అయిపోయినట్టే. కానీ ఆ నెల కాలేజీకి తనిఖీ వాళ్ళు రానున్నారు, చూపించడానికి ఏదైనా ఉంటే మంచిదని సరేనన్నాడు. పోశెట్టి ఇంక్యుబేటర్ తలుపు మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాశాడు: 'నడిమి అర. బోర్లేయొద్దు.' కరెంటు పోయినప్పుడు ప్లేట్లను తన గొంగడిలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు సమంగా పట్టుకుని కూర్చునేవాడు. మొదటి ప్లేట్లలో చుక్క చుక్కలాగే ఉండిపోయింది. మళ్ళీ పోశాం. మళ్ళీ అంతే.

ఒక శనివారం పొద్దున్నే, నేను సంచీ కూడా దించకముందే ఎదురొచ్చాడు. "మేడం, కొమ్ము మొలిచింది."

చుక్కకు ఒక పక్కన, విసనకర్ర విప్పినట్టు, పలచటి తెల్లటి మబ్బు. దాని అంచు నుంచి రవ్వంత తీసి స్లైడు మీద పెట్టాను. పోశెట్టే ముందు చూశాడు. నేను అడగలేదు, ఆయనే పోయి కూర్చున్నాడు. ఎంతకూ లేవడు.

"ఏం చేస్తున్నయి?"

"ఈదుతున్నయ్ మేడం." స్క్రూ తిప్పాడు. "మోటారు తిరుగుతుంది. నిన్నటిదాంక తిరగంది తిరుగుతుంది."

పక్క గదికి పోయి మందమర్రికి ఫోన్ చేశాను. బాపు ఛాతీ చూపించుకోవడానికి సోమవారం ఎట్లాగూ కరీంనగర్ ఆస్పత్రికి రావాలి. "ముందు కాలేజీకి రా బాపూ. నీకు చూపిస్త అన్నది చూపిస్త."

ఆ ఆనందంలో నేను చేయనిది ఒకటుంది. ఆ మబ్బులోంచి ఒక చుక్క తీసి వేరే ట్యూబులో దాచాలి. ప్రతి పిల్లకూ నేను చెప్పే మొదటి మాట అది. సోమవారం చూద్దాంలే అనుకున్నాను. సాయంత్రం పిల్లల ప్రాక్టికల్ ప్లేట్లు చాలా ఉన్నాయి. నేనూ పోశెట్టీ మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ గబగబా సర్దేసి ఇంక్యుబేటర్ మూసి ఇళ్ళకు పోయాం.

సోమవారం

తలుపు తీసేసరికి నడిమి అరలో మా ప్లేటు బోర్లా ఉంది. అగరంతా జారి మూతలో ముద్దగా పడి ఉంది. కొమ్ము లేదు, చుక్క లేదు.

నాకు కళ్ళు కనబడలేదు. "ఎవరు బోర్లేసిండ్రు?" అని అరిచాను. పోశెట్టి ఆ ముద్దనే చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వే రాసినవు కద తలుపు మీద బోర్లేయొద్దని! నువ్వే బోర్లేసినవా?"

"నాకు యాదికి లేదు మేడం" అన్నాడు మెల్లగా. "గా పిల్లల ప్లేట్లన్ని గడబిడల పెట్టినం. నేనే ఏసిన్నో ఏమో."

కాదు అననందుకు ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను. ఆయన వెంటనే ఇంకో మాట అన్నాడు. "మేడం, గా ముద్దలకెల్లి ఓ చుక్క తీసి పెడుదామా? అందుల ఉంటయి కద గవి."

సరైన మాట. ఈదేవి ఆ ముద్దలో బతికే ఉన్నాయి. ఒక్క చుక్క తీసి కొత్త ప్లేటులో పెడితే రెండు రోజుల్లో మళ్ళీ బయటికి వచ్చేవి. మొదటి సంవత్సరం పిల్లవాడు చెప్పినా నేను వినాల్సిన మాట. నేను ప్లేటును తీసుకుపోయి ఆటోక్లేవ్‌లో పడేసి, ఒక్కటీ బతక్కుండా ఆవిరికి ఉడికించాను. కోపంలో తెలివి ముందు పోతుంది, సిగ్గు తర్వాత వస్తుంది.

హెడ్డు సారు వచ్చాడు. తనిఖీ వాళ్ళు అడిగితే ఏం చెప్పాలన్నాడు. "రాసియ్యమ్మా, ఎవరి నిర్లక్ష్యమో. లేకపోతే నీ మీదికొస్తుంది." రాసిచ్చాను. రెండే వాక్యాలు. వారం తిరక్కముందే పోశెట్టిని ల్యాబ్ నుంచి ఆఫీసుకు మార్చారు, ఫైళ్ళు మోయడానికి.

ఆ మధ్యాహ్నం బాపు వచ్చి, ఖాళీ ఇంక్యుబేటర్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. సంగతంతా చెప్పాను. అటెండర్ పాడు చేశాడన్నాను. బాపు దగ్గు ఆగేదాకా ఆగి మాట్లాడాడు.

"మా దగ్గర టబ్బులు జారితే డ్రైవరును ముందుగాల ఒకటే అడుగుతరు బిడ్డా. నీ చెయ్యి ఏడుండె? డ్రైవరు ఫస్టు తన చెయ్యి సంగతి చెప్పుకోవాలె. ఇంకొకని చెయ్యి సంగతి తర్వాత. నీ చెయ్యి ఏడుండె?"

"నాకు తెల్వదా బాపూ? నేనెందుకు బోర్లేస్త?" అన్నాను విసుగ్గా.

గుండ్రటి కాగితం

రెండు నెలల తర్వాత మళ్ళీ పలచటి అగర్ పోశాను. ఒక్కదాన్నే. మూత తీశాను, చుక్క పెట్టాను. ఎడమచెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయి ఒక గుండ్రటి కాగితం తీసి మూతలో పెట్టింది. కుడిచెయ్యి ప్లేటును బోర్లించడానికి లేచింది.

చేతులు గాలిలో ఉండగానే ఆగిపోయాను.

ఆ సోమవారం మూతలో పడిన ముద్ద కళ్ళ ముందుకొచ్చింది. ఆ ముద్ద అడుగున, మూతకు అతుక్కుని, తడిసిన గుండ్రటి కాగితం ఉంది. ఆటోక్లేవ్‌లో పడేసేటప్పుడు చూశాను. చూసీ చూడలేదు. ఆ ల్యాబ్‌లో కాగితం పెట్టి బోర్లించే మనిషిని నేనొక్కదాన్నే.

స్టూలు మీద కూలబడ్డాను. లేచి ఆఫీసుకు పోయి, పోశెట్టీ, చెయ్యి నాదే, అని చెప్పి ఉండాల్సింది. నలభై మెట్లు దిగితే ఆఫీసు. దిగలేదు. హెడ్డు సారు ఏమంటాడో, పిల్లలు ఏమనుకుంటారో, రాసిచ్చిన కాగితం సంగతేమిటో అని ఆ రోజు ఆగాను. మర్నాడు ఇంకో సాకు దొరికింది. ఆ తర్వాత సాకు కూడా అవసరం లేకపోయింది.

కొన్నాళ్ళకు మళ్ళీ కొమ్ము మొలిచింది. ఈసారి ఒక చుక్క దాచాను. ప్లేటును ఒళ్ళో సమంగా పట్టుకుని మందమర్రి బస్సెక్కాను. బాపు అప్పటికే మంచం దిగడం లేదు. కిటికీ వెలుగుకు ఎత్తి చూపించాను. చాలాసేపు చూశాడు.

"తప్పుతోని బాగైంది" అన్నాడు. నవ్వాడు. తర్వాత, "గా అటెండర్ చూసిండా?" అన్నాడు.

"లేదు బాపూ. చెయ్యి నాదే ఉండె."

"చెప్పినవా?"

"చెప్పలే."

"చెప్పు" అన్నాడు. ఆ చలికాలంలో పోయాడు.

నేను చెప్పలేదు. పోశెట్టి రిటైరయ్యేదాకా వరండాలో ఎదురుపడుతూనే ఉన్నాం. ఫైళ్ళ కట్ట ఛాతీకి ఆనించుకుని, "నమస్తే మేడం" అనేవాడు. ల్యాబ్ గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు అడుగు కొంచెం నెమ్మదించేది. లోపలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. కిటికీ పక్కన గడ్డి గ్లాసు ఎండిపోయి ఎవరో పారేశారు. సాయంత్రం పూట మైక్రోస్కోప్ అంతా నాదే, వంతు కోసం నిలబడే పని లేదు. ఆ కుర్చీలో కూర్చుని, "ఆగుండ్రి మేడం" అన్న మాట వినబడుతుందేమోనని ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో.

బోథ్

ఈ రాత మొదలుపెట్టాక బాపు ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పిల్లలకు సుద్దులు రాయడం ఏం మర్యాద? కాలేజీ ఆఫీసులో పోశెట్టి నంబరు తీసుకున్నాను. కరీంనగర్‌లో సైన్సు సామాన్ల దుకాణంలో ఒక పాత మైక్రోస్కోప్ దొరికితే కొన్నాను. దాన్లో నేను ముందు చూడకూడదని పెట్టె కూడా విప్పలేదు. చేతులు ఎంత గుంజాయో చెప్పలేను. ఫోన్ చేసి వస్తున్నానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. "ఏ రోజు వస్తరు?" అని మాత్రం అడిగాడు.

నిర్మల్ మీదుగా ఇచ్చోడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. మైక్రోస్కోప్ పెట్టె దారంతా ఒళ్ళోనే. పత్తి చేన్ల నడుమ ఆయన ఇల్లు. భార్య గుమ్మంలోకి వచ్చి "బసా తాయీ, బసా" అని మరాఠీలో కూర్చోమంటూ నులకమంచం వాల్చింది. ఆమె పుట్టిల్లు కిన్వట్ వైపు. పోశెట్టి సన్నబడ్డాడు. జుట్టంతా నెరిసింది. చేతిలో ఒక స్టీలు గ్లాసు.

"మూడొద్దులైంది మేడం నానబెట్టి" అన్నాడు. "గింత దూరం మీరు ఉత్తగ రారు అనుకున్న."

గ్లాసులో గడ్డి. చాయ్ తాగాక చెప్పాలనుకున్నాను గానీ చాయ్ రాకముందే చెప్పేశాను.

"అన్నా, గా ప్లేటు బోర్లేసింది నేనే. మూతల నా కాగితం ఉండె. రెండు నెలలకు ఎరుకైంది నాకు. చెప్పలే."

జీవితంలో మొదటిసారి ఆయన్ను అన్నా అన్నాను. ఆయన అది గమనించలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"నేనే ఏసిన అనుకున్న" అన్నాడు. "గిన్నొద్దులు నేనే ఏసిన అనుకున్న. చేతులకు యాది ఉండదు కద మేడం. రాసింది నేను, బోర్లేసింది నేను అనుకొని మస్తు పరేషానైన. ఇంట్ల గిన్నె బోర్లేస్తున్నప్పుడు గూడ చెయ్యి ఆగుతుండె."

ఆయన తప్పు లేదని ఆయనకు తెలుసని, నా మీద కోపంతో మౌనంగా ఉన్నాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కోపమైతే భరించగలను. ఆయన నా తప్పును తనదనుకుని మోస్తున్నాడని నాకు తట్టనే లేదు.

లేచి పశువుల కొట్టం వైపు పోయాడు. ఎద్దుకు మేత వేస్తున్న చప్పుడు వినబడింది. వేసిన మేతే మళ్ళీ మళ్ళీ సర్దుతున్నాడు. ఆయన భార్య చాయ్ తెచ్చి నా ముఖం చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది. నా చాయ్ చల్లారిపోయాక తిరిగొచ్చాడు.

"గప్పుడే చెప్తే" అన్నాడు, నా వైపు చూడకుండా, "నేను ల్యాబుల ఉందును కద మేడం."

"ఉందువు."

"పదకొండేండ్లు ఫైళ్ళు మోసిన."

"అవునన్నా."

క్షమించమని అడిగే ముఖం లేదు, అడగలేదు. ఎవరైనా కొత్తగా చేరినవాళ్ళు ఇది చదువుతుంటే, ఆ నలభై మెట్లూ ఆ రోజే దిగండి. తర్వాత బోథ్ దాకా వచ్చినా సరిపోదు.

కాసేపటికి ఆయన చూపు పెట్టె మీద పడింది. "గదేంది?"

విప్పాను. ఆయన భుజం మీది తువ్వాలతో అద్దం తుడిచాడు. వెలుగు కోసం వాకిట్లోకి ఎండలోకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గ్లాసులోంచి గడ్డిపోచతో ఒక చుక్క తీసి స్లైడు మీద పెట్టాడు. స్క్రూ తిప్పాడు. కన్ను ఆనించాడు.

నేను పక్కన నిలబడ్డాను.

"ఊగుతున్నయ్" అన్నాడు చాలాసేపటికి. స్క్రూ ఇంకొంచెం తిప్పాడు. స్లైడు జరిపాడు. ఊపిరి బిగబట్టాడు.

"ఆఁ. ఒకటున్నది. ఈదుతుంది మేడం... సీదా పోతుంది."

"నన్ను జర చూడనియ్యి అన్నా."

"ఆగుండ్రి మేడం" అన్నాడు, కన్ను తీయకుండానే. "మలుగుతుంది."

ఎండ జరిగింది. ఆయన బల్లను ఎండ వెంట జరిపాడు. ఇచ్చోడ పోయే ఆటో రోడ్డు మీద హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. భార్య లోపలి నుంచి పిలిచింది. ఆయనకు ఏదీ వినబడలేదు. ఇంకోసారి అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఖాళీ పెట్టె మూత మూసి అరుగు మీద పెట్టి, చప్పుడు కాకుండా వాకిలి దాటాను.